కౌలాలంపూర్‌లో విన్న మాట

నాకు ప్రయాణాలంటే పడదు. ఇంటి తాళం మూడుసార్లు లాగి చూస్తాను. వీధి చివరిదాకా వెళ్ళి, గ్యాసు కట్టేశానో లేదో అని వెనక్కి వస్తాను. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్ళకి హైదరాబాద్ అంటే చార్మినారూ కాదు, ట్యాంక్‌బండూ కాదు, ఎల్బీనగర్. పెద్ద అంబర్‌పేట దాటగానే బస్సులో సగం మంది లేచి సంచులు దింపుకుంటారు. నేను మాత్రం చౌటుప్పల్ దగ్గరే లేచి నిలబడతాను. నేను దిగేలోపు బస్సు కదిలిపోతుందేమోనని భయం. "కూర్చోవే తల్లీ, నువ్వు నిలబడినంత మాత్రాన బస్సు తొందరగా నడవదు" అని మా ఆయన కొంగు పట్టుకుని కూర్చోబెట్టేవాడు.

అలాంటి నన్ను మా ల్యాబు వాళ్ళు కౌలాలంపూర్ పంపారు. దిల్‌సుఖ్‌నగర్‌లో రక్తపరీక్షల ల్యాబు మాది. కొత్త మిషన్ ఒకటి కొంటున్నారు, దాని మీద ఆరు రోజుల శిక్షణ అక్కడ. ఎవరో ఒకరు వెళ్ళాలి. మిగతావాళ్ళకి పాస్‌పోర్టులు లేవు. నాకు ఎందుకు ఉందో నాకే తెలియదు. ఎప్పుడో మా ఆయన సరదాపడి చేయించి పెట్టాడు. అది బీరువాలో పెళ్ళిచీరల కింద పడి ఉండేది.

ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. దిల్‌సుఖ్‌నగర్‌లో కొట్లవాళ్ళు షట్టరు సగం దించి, వంగి సరుకు అందించేవాళ్ళు. ల్యాబుకి వచ్చేవాళ్ళు కూడా వంగే లోపలికి వచ్చేవాళ్ళు. మా పాప అప్పుడు రెండో తరగతి. బడి ఉన్న రోజుల కన్నా లేని రోజులే ఎక్కువ. ఆ ఆరు రోజులూ సెలవు పెట్టి పాపని చూసుకుంటానని మా ఆయన మాట ఇచ్చాడు. ఆయనది మందుల కంపెనీలో ఊళ్ళు తిరిగే ఉద్యోగం. తిరిగేవాళ్ళ మాట ఎంతవరకు నమ్మాలో నాకు తెలుసు. అందుకే వెళ్ళేముందు కింది ఇంటావిడకి కూడా చెప్పాను.

మేం ఉండేది ఎల్బీనగర్ చౌరస్తా వెనక కాలనీలో, మేడ మీద వాటా. కింద ఇంటావిడ. నల్గొండ వైపు పల్లె నుంచి ముప్ఫై ఏళ్ళ కిందట భర్తతో వచ్చింది. ఆయన లారీ తోలేవాడు. ట్రిప్పుకో గోడ చొప్పున లేపుకున్న ఇల్లది. మేం అద్దెకి చేరేనాటికే ఆయన లేరు, వాళ్ళకి పిల్లలూ లేరు. ఆవిడ చెల్లెలి కుటుంబం పక్క సందులో ఉండేది. నేను పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను బిడ్డా అనేది, కోపమొస్తే డాక్టరమ్మా అనేది. సూది పట్టుకున్న వాళ్ళందరూ ఆవిడ లెక్కలో డాక్టర్లే. మా పాపకి ఆవిడ కింది అమ్మమ్మ. పాప బడి నుంచి వచ్చి కింది గుమ్మంలో చెప్పులు విప్పి అటే దూరేది. అన్నానికి నేను మెట్ల మీంచి నాలుగు కేకలు వేస్తే గానీ పైకి వచ్చేది కాదు.

సాయంత్రాలు ఆవిడ కాలనీ ఆడవాళ్ళతో కలిసి చౌరస్తాకి వెళ్ళి, పాటలు పాడి, నినాదాలిచ్చి, గొంతు బొంగురు చేసుకుని వచ్చేది. నా ముందు ఏదీ దాచేది కాదు.

"తెలంగాణ ఒస్తది బిడ్డా. ఒస్తే నువ్వేం పరేషాన్ గాకు. ఈడనే ఉండు."

"మీవాళ్ళు మమ్మల్ని పొమ్మంటున్నారుగా పిన్నిగారూ?"

"అనెటోళ్ళు అంటరు. ఇల్లు నాదా, ఆళ్ళదా?"

నా ప్రయాణం సంగతి తెలిసి మా ఆడపడుచు గుంటూరు నుంచి ఫోన్ చేసింది. "పిల్లని వాళ్ళ దగ్గర వదిలేసి దేశం దాటుతున్నావా" అంది. ఆ 'వాళ్ళ' అన్న మాటని ఒత్తి పలికింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "వాళ్ళెవరు వదినా? మా పాపకి పాలు పట్టి, జోలపాడి పెంచిన మనిషి ఆవిడ. మీరెవరైనా ఒక్క రోజు వచ్చి చూశారా?" అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక నా అంత మంచిదాన్ని నేనే అనుకున్నాను. ఆ మంచితనం ఎన్నాళ్ళు నిలిచిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కౌలాలంపూర్ గురించి నేను చెప్పగలిగింది తక్కువ. ఊరు చూసింది లేదు. హోటలు, శిక్షణ జరిగే భవనం, మధ్యలో వాన. ఆ వాన ఎవరో టైముకి తిప్పినట్టు రోజూ మధ్యాహ్నం మూడింటికి పడేది. మిషన్ మాత్రం బాగుంది. శిక్షణ దగ్గర టీ ఇచ్చే ఒకావిడ నా మెళ్ళో నల్లపూసలు చూసి తెలుగులో పలకరించింది. వాళ్ళ ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చాడట. "మీ ఊళ్ళో రెండు తెలుగులు కొట్లాడుకుంటున్నాయంట గదా, మీది ఏ తెలుగు?" అని అడిగింది. ఏం చెప్పను? "పుట్టిందొకచోట, ఉండేదొకచోట" అన్నాను. "అయితే మా లాగే" అంది ఆవిడ తృప్తిగా. ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు. మేమేమన్నా ఓడెక్కి తోటల పనికి వెళ్ళామా! బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగాం, అంతే.

నాలుగో రోజు మా ఆయన హోటలుకి ఫోన్ చేశాడు. పొద్దున ఏదో మీటింగని విజయవాడ వెళ్ళాడట. సాయంత్రానికి తిరిగి వద్దామంటే బస్సులు ఆగిపోయాయట. రైళ్ళూ లేవట.

"మరి పాప?" అన్నాను.

"కింద ఉంది. కంగారు పడకు. సమ్మె రెండు రోజుల్లో సర్దుకుంటుందంటున్నారు."

కంగారు పడకు అని చెప్పడం ఎంత తేలికో! నేను ఆ రాత్రంతా నిద్రపోలేదు. హోటల్ టీవీలో ఎన్ని చానళ్ళు తిప్పినా మా ఊరి సంగతి ఒక్క ముక్క లేదు. మర్నాడు శిక్షణలో కంప్యూటర్ ఖాళీగా దొరికితే తెలుగు పేపర్లు చూశాను. ఎల్బీనగర్‌లో రోడ్డు మీద టైర్లు తగలబడుతున్న ఫోటో ఉంది. తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్న కాలేజీ పిల్లల వార్తలున్నాయి. టైర్ల వెనక కనిపించే మెడికల్ షాపులోనే నేను పాపకి దగ్గుమందు కొంటాను. ఆ సాయంత్రం ఇంటావిడ నంబరుకి చేస్తే పాపే ఫోన్ ఎత్తింది. "అమ్మా, బడి లేదు! కింది అమ్మమ్మ నాకు సర్వపిండి చేసింది" అంది. నా ప్రాణం కుదుటపడింది, ఒక్క పూటకి.

తిరుగు ప్రయాణం ఏడో రోజు పొద్దున. అక్కడి ఎయిర్‌పోర్ట్‌లో గేటు దగ్గర చేతిలో మిగిలిన చిల్లరంతా టెలిఫోన్ బూత్‌లో వేసి, ఇంటావిడ నంబరుకి చేశాను. మన దగ్గర అప్పుడు ఎనిమిది కావస్తోంది. ఆవిడే ఎత్తింది. వెనక ఆడవాళ్ళ గొంతులు, ఒకటి కాదు, పది పదిహేను. ఎవరో పెద్దగా అరుస్తున్నారు. ఆవిడ గొంతు పూర్తిగా బొంగురుపోయి, మాట సగం గాలిగా వస్తోంది.

"పిన్నిగారూ, నేను. బయలుదేరుతున్నాను. పాపకి ఒకసారి ఇవ్వండి."

"పాపనా? పాప పోయింది బిడ్డా."

"ఏంటీ?"

"పోయింది బిడ్డా, పొద్దుగాల్నే పోయింది. నువ్వు జర నిమ్మళంగ రా. నేను గూడ..."

లైను తెగింది.

నేను రిసీవర్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెనక మనిషి రెండుసార్లు దగ్గితే గానీ పక్కకి జరగలేదు. చిల్లర లేదు. నా ఫోన్ ఆ దేశంలో పనిచేయదు. గేటు దగ్గర కూర్చున్న ఒక తమిళాయన్ని చేతులు జోడించి అడిగి ఆయన ఫోన్ తీసుకున్నాను. ఇంటావిడ నంబరు మోగింది, మోగింది, మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మా ఆయన నంబరు అందుబాటులో లేదంది. ఇంతలో విమానం ఎక్కమని పిలిచారు. మళ్ళీ నేల మీద కాలు పెట్టేదాకా, నాలుగు గంటలపాటు, నా పాప ఉందో లేదో తెలుసుకునే దారి లేదు.

మా వైపు మనిషి వెళ్తాడు, వస్తాడు. పోతే ఇక రాడు. గుమ్మం దాటేవాళ్ళు ఎవరైనా పొరపాటున "పోతాను" అంటే మా నాయనమ్మ నోటి మీద కొట్టేది, "వెళ్ళొస్తాను అనరా అప్రాచ్యుడా" అని. ఎల్బీనగర్ వచ్చిన కొత్తలో ఒక పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి మా ఆయన కనిపించలేదు. కిందికి తొంగి చూసి అడిగితే ఇంటావిడ "మీ ఆయన పోయిండు గద" అంది. నేను తడి జుట్టుతో, గుండెలు బాదుకుంటూ మెట్లు దిగి పరిగెత్తాను. "ఆఫీసుకు పోయిండు తల్లీ, ఇంకేడికి పోతడు?" అని ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. ఏడాది పాటు ఎవరొచ్చినా ఆ కథ చెప్పి నవ్వించింది. ఆ తర్వాత పదకొండేళ్ళలో ఆ మాట నేను కొన్ని వేల సార్లు విని ఉంటాను. పాలాయన పోయిండు, కరెంటు బిల్లాయన పోయిండు, మీ పాప బడికి పోయింది. ఎప్పుడూ ఉలిక్కిపడలేదు.

విమానంలో కూర్చుని ఇదంతా నాకు నేనే చెప్పుకున్నాను. పోయింది అంటే వెళ్ళింది, పిచ్చిదానా. వెంటనే ఇంకో బుద్ధి ఎదురు ప్రశ్నలు వేసింది. ఎనిమిదింటికి పాప ఎక్కడికి వెళ్తుంది? బళ్ళు మూసేశారు. ఇంటావిడ లేకుండా పాప వీధి దాటదు. ఆ ఇంటినిండా ఆడవాళ్ళెందుకు? ఆ గొంతు ఎందుకట్లా అయింది? నిమ్మళంగా రా అని మనం ఎవరితో అంటాం, ఎప్పుడంటాం?

ల్యాబులో నా పద్ధతి ఒకటుంది. రిపోర్టు అనుమానంగా ఉంటే రెండోసారి పరీక్ష చేయకుండా సంతకం పెట్టను. డాక్టర్లు విసుక్కున్నా సరే. ఆ రోజు మాత్రం ఒక్క మాట విని, ఆకాశంలో కూర్చుని, మొత్తం రిపోర్టు రాసేశాను. విజయవాడ కనకదుర్గకి, తిరుపతికి, మా ఊరి గ్రామదేవతకి మొక్కాను. ఎవరికి ఏది మొక్కానో గుర్తులేక మళ్ళీ మొదట్నుంచి మొక్కాను.

మొక్కులు అయిపోయాక అసలైన దరిద్రం మొదలైంది. ఆడపడుచు మాట గుర్తొచ్చింది. వాళ్ళు. వాళ్ళకి మా మీద కోపం. ఊరేగింపులకి తిరిగే మనిషి ఆవిడ. ఆ గొడవలో పిల్లని ఎక్కడో వదిలేసి ఉంటుంది. పరాయి పిల్ల కదా, అందులోనూ ఆంధ్రా పిల్ల కదా, కన్నపిల్లయితే అలా వదిలేదా? మా పాప జ్వరంతో ఉన్న రాత్రుళ్ళు నాతో పాటు మేలుకుని తడిగుడ్డ వేసిన చెయ్యే నాకు రాయి పట్టుకున్నట్టు కనిపించింది. సిగ్గుపడాల్సిన మాటే. కానీ అప్పుడు సిగ్గు రాలేదు. అలా అనుకుంటుంటే ఏడుపు ఆగి, కోపం వచ్చి, కొంచెం ఊపిరి ఆడింది కూడా.

శంషాబాద్‌లో దిగేసరికి పన్నెండున్నర. నా ఫోన్ ప్రాణం పోసుకుంది. ఇంటావిడ ఎత్తలేదు. మా ఆయన దొరికాడు.

"రాత్రి మాట్లాడాను, బాగానే ఉంది. పొద్దున్నుంచి వాళ్ళ ఫోన్ ఎవరూ ఎత్తడం లేదు. ఏమైంది?"

"పాప ఇంట్లో లేదంట" అన్నాను. విన్న మాటని విన్నట్టుగా నా నోటితో అనలేకపోయాను.

"ఎక్కడికి వెళ్ళిందంట?"

"తెలియదు. లైను తెగింది."

"లారీ ఏదైనా పట్టుకుని బయలుదేరతాను" అన్నాడు. కంగారు పడకు అన్న మనిషే అలా అన్నాక నాకున్న కాస్త ధైర్యం కూడా జారిపోయింది.

ఎల్బీనగర్ అనగానే టాక్సీవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తల అడ్డంగా ఊపారు. చివరికి బయట రోడ్డు మీద ఒక ముసలి ఆటో ఆయన, "కర్మన్‌ఘాట్ దాకా వస్తా అమ్మా, ఆగే నై జాతా" అన్నాడు. చాంద్రాయణగుట్ట మీదుగా, సంతోష్‌నగర్ మీదుగా, గల్లీలు పట్టుకుని తీసుకొచ్చాడు. దారిలో కొట్లన్నీ మూసి ఉన్నాయి. నేను "కొంచెం తొందరగా" అన్నప్పుడల్లా ఆయన "అల్లా పె భరోసా రఖో" అన్నాడు. కర్మన్‌ఘాట్‌లో దిగి సూట్‌కేసు ఈడ్చుకుంటూ నడక మొదలుపెట్టాను.

సాగర్ రింగురోడ్డు దగ్గర చెట్టుకొమ్మలు, సిమెంటు పైపులు అడ్డంగా పడేశారు. రోడ్డు నడిమధ్యన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, నల్లకోటు వేసుకున్న ఒక పెద్ద వయసు లాయరు పేపరు చదువుతున్నాడు. చుట్టూ పదిమంది. నా చేతిలో సూట్‌కేసు, దానికి విమానం చీటీ. నోరు తెరిస్తే నేను ఎక్కడిదాన్నో తెలిసిపోతుంది.

"యాడికెళ్ళి ఒస్తున్నరమ్మా?" అన్నాడాయన.

పదకొండేళ్ళుగా విన్న భాష కదా, మాట్లాడలేనా అనుకున్నాను. "ఎయిర్‌పోర్ట్‌కెళ్ళి ఒస్తున్న. ఎల్బీనగర్ పోవాలె. గాడ ఇంట్ల నా బిడ్డ గున్నది" అన్నాను.

పదిమందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "గున్నది ఏందమ్మా?" అని లాయరు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ప్రతిదానికి గ పెడితే తెలంగాణ గాదు. మీ మాట మీరే మాట్లాడుండ్రి. మేమేమన్న కొరుకుతమా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వుకి నా ఏడుపు కట్ట తెంచుకుంది. "మా పాప కనిపించడం లేదండీ" అన్నాను, నా మాటలోనే. నవ్విన మనిషే ముందు లేచాడు. లాయరు పేపరు కుర్చీలో పడేసి, తనే కొమ్మ పట్టుకుని పక్కకి లాగాడు. "జల్దీ పోండ్రి తల్లీ. ఎవలన్న ఆపితే ఈ చౌరస్త లాయరు పంపిండని చెప్పుండ్రి" అన్నాడు. నేను థాంక్స్ కూడా చెప్పలేదు.

మా సందులో మనుషులు లేరు. కింది గుమ్మానికి తాళం. మేడ మీద మా వాటాకి తాళం. పాప చెప్పులు గుమ్మంలో లేవు. పక్కింటి తలుపు కొట్టాను, ఎదురింటి తలుపు కొట్టాను. ఎవరూ పలకలేదు. చౌరస్తా వైపు నుంచి డప్పులు వినిపిస్తున్నాయి. మా ఊళ్ళో డప్పు వినిపిస్తే శవం వస్తోందని పిల్లల్ని లోపలికి పిలుస్తారు. సూట్‌కేసు గేటు దగ్గరే వదిలేసి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని అటు పరిగెత్తాను.

చౌరస్తాలో హైవే అంతా జనం. నడిరోడ్డు మీద రాళ్ళు పేర్చి, పొయ్యిలు వెలిగించి, పెళ్ళి గుండిగల్లో అన్నం, పప్పుచారు వండుతున్నారు. ఆ రోజు వంటా వార్పు కార్యక్రమమట. ఊరంతా ఇళ్ళలో పొయ్యి వెలిగించకుండా రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తినడం. బంతులు తీరి కూర్చున్నవాళ్ళ మధ్య, ఆడవాళ్ళ గుంపులో, ఇంటావిడ చెల్లెలి పక్కన, మా పాప. ఇస్తరాకు ముందు కూర్చుని, మూతికి పప్పు పూసుకుని, అప్పడం నములుతోంది.

"అమ్మా!" అని లేచి వచ్చింది.

నేను ఎత్తుకోలేదు. చెంప ఛెళ్ళుమనేట్టు ఒకటి కొట్టాను. ఎందుకు కొట్టావని ఇప్పటికీ అడుగుతుంది. పాప బిక్కమొహం వేసింది, అప్పడం ముక్క చేతిలోనే ఉంది. గుండిగ దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ ఇంటావిడ నన్ను చూసి నవ్వుతూ వస్తోంది. నేను అంతమందిలో, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"ఎవర్ని అడిగి తెచ్చారు నా పిల్లని? మీ గొడవల్లో చావడానికి నా పిల్లే దొరికిందా మీకు?"

దగ్గరున్న డప్పు ఆగిపోయింది. తింటున్నవాళ్ళు తలెత్తారు. "ఎవలామె? ఆంధ్రామెనా?" అని ఎవరో అన్నారు. నలుగురు లేచి నిలబడ్డారు. అప్పుడు గానీ నేను ఎక్కడ నిలబడి ఏం మాట్లాడానో నాకు తెలియలేదు.

ఇంటావిడ గరిటె అడ్డంగా పెట్టి వాళ్ళకీ నాకూ మధ్య నిలబడింది. "నా ఇంట్ల ఉండే ఆమె. దేశం గాని దేశంకెళ్ళి ఒచ్చింది, బిడ్డ కోసం పానం గొట్టుకుంటున్నది. మీరు కూసోని తినుండ్రి" అంది. ఆ బొంగురు గొంతుతోనే. వాళ్ళు కూర్చున్నారు.

నా వైపు తిరిగింది. "ఫోన్ల చెప్పిన గద బిడ్డా, పాప పోయిందని? మా చెల్లెతోని ముందుగాల పోయింది, నేను గూడ బియ్యం పట్టుకోని పోతున్న అంటుంటే లైను తెగింది."

"నేను వేరే అనుకున్నాను" అన్నాను.

"ఏమనుకున్నవ్?"

చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ మొహంలో నవ్వు మెల్లగా తగ్గిపోవడం నేను చూశాను. పాప తలమీద చెయ్యి వేసి, "తిననియ్యి, సగంల లేపకు" అని, మళ్ళీ గుండిగ దగ్గరికి వెళ్ళిపోయింది. పాప తిన్నంతసేపూ నేను రోడ్డు మీద పక్కనే నిలబడ్డాను. ఎవరో నాకూ ఆకు వేశారు. కూర్చోలేకపోయాను.

మర్నాడు పొద్దున కిందికి వెళ్ళాను. ఆవిడ కోసం కౌలాలంపూర్‌లో ఒక ఫ్లాస్కు కొన్నాను. అది ఇచ్చి, తప్పయిందని చెప్పాను. ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పి చూసి, మంచిగున్నదంది. టీ పెట్టింది. నాకు గ్లాసు ఇచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"కొట్టినవ్, తిట్టినవ్. తల్లివి. దాంట్ల ఏం లేదు. ఫోన్ల సక్కగ చెప్పకపోవుడు నాదీ తప్పే. గని ఒక్కటడుగుత. నా మాట ఎన్నేండ్ల సంది వింటున్నవ్?"

"పదకొండేళ్ళు."

"గిన్నేండ్లల్ల ఎన్నిమార్లు అన్న, పోయిండు, పోయింది అని? ఏనాడన్న గట్ల ఉరికొచ్చినవా?"

"మొదటిసారి వచ్చాను కదా పిన్నిగారూ" అని నవ్వబోయాను.

ఆవిడ నవ్వలేదు. "అప్పుడు నేనెవరో నీకు తెల్వదు బిడ్డా. ఇప్పుడు తెలుసు గద" అంది. ఫ్లాస్కు పక్కన పెట్టి, "నువ్వు బందుకు భయపడలే. నాకు భయపడ్డవ్" అంది.

కాదని చెబుదామని నోరు తెరిచాను. విమానంలో నేను అనుకున్నవన్నీ పక్క సీట్లో కూర్చుని విన్నట్టే ఉంది ఆవిడ చూపు. అబద్ధం ఆడటం నాకు చేతకాదని కాదు. ఆ మనిషి ముందు కూర్చుని ఆడలేకపోయాను. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, పైకి వచ్చేశాను.

ఆ తర్వాత ఆ ఇంట్లోనే ఇంకా కొన్నేళ్ళు ఉన్నాం. తెలంగాణ వచ్చింది. ఆవిడ చెప్పినట్టే మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు. ఆవిడ మాతో మాటలు మానలేదు, పండక్కి పిండివంటలు పంపడం మానలేదు. కానీ ఆ రోజు నుంచి, పాప బడి నుంచి వచ్చి కింది గుమ్మం ఎక్కబోతే, లోపల్నుంచి ఆవిడ గొంతు వినిపించేది.

"మీ అమ్మనడిగొచ్చినవా?"

పాప మెట్లెక్కి నా దగ్గరికి వచ్చి అడిగేది. నేను ఎన్నిసార్లు కిందికి దిగి, "దానికి అడగడమేంటి పిన్నిగారూ, మీ పిల్లే కదా" అని చెప్పానో. "సరే బిడ్డా" అనేది. మర్నాడు మళ్ళీ అడిగి రమ్మని పంపేది.